సేన్ నదికి జమాఖర్చు వ్రాసిన పియేర్ పెరో

వాన కురియు దినములు సంవత్సరమునకు కొన్ని మాత్రమే. కురియని దినములు అనేకములు. ఆకాశము నిర్మలమై నెలల తరబడి చినుకు రాలకున్నను మహానదులు ఎండక పారుచునే యుండును. ఆ నీరు ఎచ్చటిది? వాననీరే యని నేడు బడికి బోవు బాలుడును చెప్పును. కాని రెండువేల యేండ్లకు పైగా పాశ్చాత్య దేశములందలి మహాపండితులు అనేకులు ఈ మాటను అంగీకరింపలేదు. నదులలో పారు నీటికి వాన ఏ మూలకును చాలదని వారి వాదము. చాలునో చాలదో కొలిచి, గుణించి, భాగించి చూచినవాడు లేడు. అట్లు చూచి, 1674వ సంవత్సరమున ఆ లెక్కను అచ్చు వేయించినవాడు తత్త్వవేత్త గాడు, ఆచార్యుడు గాడు. ప్యారిసు నగరమున రాజుగారి శిస్తు వసూలు చేసి, ఉద్యోగమును, ధనమును, పరువును ఒక్కమారుగా పోగొట్టుకొనిన గృహస్థు. అతని పేరు పియేర్ పెరో.

పెరో వంశమువారు ఫ్రాన్సు దేశమందలి తూర్ పట్టణమునుండి వచ్చి ప్యారిసున స్థిరపడినవారు. తండ్రి పేరును పియేరే. ఆయన ప్యారిసు ఉన్నత న్యాయస్థానమున వకీలు. వారు జమీందారులు గారు, బిరుదాంకితులు గారు. విద్యయే వారి ఆస్తి. తల్లి పిల్లలకు చదువు నేర్పెడిది. రాత్రి భోజనమైన పిదప తండ్రి వారి పాఠములను తానే అప్పగించుకొని, వాని సారమును లాటిను భాషలో చెప్పించుకొనెడివాడు. ఇట్టి యింట 1610 ప్రాంతమున మన పియేర్ జన్మించెను.

అతని తమ్ములలో ముగ్గురు చరిత్రకెక్కిరి. క్లోద్ పెరో వైద్యుడు. లాటిను భాషలోని ప్రాచీన వాస్తుశాస్త్రమగు విట్రూవియసు గ్రంథమును 1673లో ఫ్రెంచిలోనికి తెచ్చెను. ప్యారిసులోని లూవ్ర్ రాజభవనపు తూర్పు స్తంభపంక్తిని రూపొందించినవారిలో నొకడు. నికొలా మతశాస్త్ర పండితుడు. తన అభిప్రాయమును విడువనందున సొర్బోన్ విద్యాపీఠమునుండి 1656లో వెడలగొట్టబడెను. అందరికన్న చిన్నవాడు షార్ల్ పెరో. ఆ పేరు ఎరుగనివారును అతని కథలను ఎరుగుదురు. బూడిదలో గూర్చుండి గాజు చెప్పులు తొడిగిన సిండ్రెల్లా కథను, ఎర్రటోపీ పిల్ల తోడేలు నోట బడిన కథను 1697లో అచ్చు వేసినవాడు అతడే. అన్నదమ్ములలో లోకము ఎక్కువగా మరచినది పియేరునే. అతడు చేసిన పని తక్కినవారి పనికి తీసిపోవునది మాత్రము గాదు.

పియేర్ మొదట తండ్రివలె న్యాయవాది. 1654లో ప్యారిసు మండలమునకు రాజస్వ వసూలు ముఖ్యాధికారి పదవిని కొనెను. కొనుట యనగా లంచ మిచ్చుట గాదు. ఆ కాలమున ఫ్రాన్సులో ఇట్టి పదవులు బహిరంగముగనే అమ్ముడుపోయెడివి. రాజునకు రొక్కము కావలెను, ప్రజలలో కలవారికి హోదా కావలెను. ఉద్యోగము ఆ రెంటికి నడుమ సరకయ్యెను. ఆ పదవికి బోయినవాడు గ్రామములనుండి తాయ్ అను శిస్తు వచ్చువరకు వేచియుండుట చెల్లదు. యుద్ధములతో ఖాళీయైన ఖజానాకు ముందుగనే తన పూచీమీద అప్పు తెచ్చి జమ కట్టవలెను. పిదప రైతులనుండి శిస్తు వసూలైనపుడు ఆ అప్పు తీర్చుకొనవలెను. వసూలు ఆలస్యమైనచో వడ్డీ పెరుగును. వసూలు కాకున్నచో కొంప మునుగును. తాయ్ శిస్తు ప్రభువులకును మతాచార్యులకును లేదు. భారమంతయు పల్లెలలోని సామాన్యులదే. పంట చెడిన యేడు వారు చెల్లింపలేరు. అందుచేత పుస్తకములలో బకాయీల పట్టీ ఏటేట పొడవగుచు, ఆ బకాయీలనే ఆధారముగా జూపి క్రొత్త అప్పులు తెచ్చుట అలవాటయ్యెను.

తమ్ముడు షార్ల్ పదియేండ్లు అన్నగారి కచ్చేరిలో గుమాస్తాగా ఉండెను. పని తక్కువ, తీరిక యెక్కువ. పియేర్ ఒక విద్వాంసుని గ్రంథసంచయమును మొత్తముగా కొని యింట నుంచియుండెను. తమ్ముడు ఆ గ్రంథముల నడుమ కాలము గడపి కవిత్వము అభ్యసించెను. సిండ్రెల్లా కథ చెప్పిన కలము మొట్టమొదట పదునెక్కినది ఒక శిస్తు వసూలుదారుని పుస్తకముల గదిలో ననుట గ్రంథాలయములకు వచ్చిపోవువారు జ్ఞప్తియం దుంచుకొనదగిన విషయము.

1661లో ఫ్రాన్సు రాజకీయములు మారెను. పదునాల్గవ లూయీ రాజు స్వయముగా అధికారము చేపట్టెను. ఆర్థికాధికారి యగు ఫూకే బంధింపబడెను. ధనాధికారుల లెక్కలు తనిఖీ చేయుటకు ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడెను. ఫూకే స్థానమున పలుకుబడి సంపాదించిన కొల్బేర్ కఠినుడు, లెక్కలయం దారితేరినవాడు. షార్ల్ పిదప ఆ కొల్బేర్ కొలువున చేరెను.

1664లో రాజు పాత సంవత్సరముల శిస్తు బకాయీలను, దాదాపు పదియేండ్లవి, రైతులకు మాఫీ చేసెను. పల్లెలలో సంతోషమునకు మేర లేకపోయి యుండును. రఘువంశమున కాళిదాసు దిలీపుడు పన్ను గైకొనుటను సూర్యుడు నీటిని గ్రహించుటతో పోల్చెను. గ్రహించినది వేయి మడుగులుగా మరల నిచ్చుటకే యని భావము. ఆ దృష్టితో జూచిన మాఫీ రాజధర్మమే. కాని పెరో ఆ బకాయీలను నమ్ముకొని అప్పు చేసినవాడు. రాజు కలము ఒక్క గీత గీయగా అతని పుస్తకములలో రావలసినదంతయు సున్న యయ్యెను. ఇయ్యవలసినది మాత్రము దమ్మిడీ తగ్గలేదు. అప్పులవారు వాకిట నిలిచిరి. వారి యొత్తిడికి తాళలేక అతడు ఆ యేటి వసూలు సొమ్ములోనుండి పాత అప్పు లిచ్చివేసెను.

ఈ యేటి సొమ్ము ఈ యేటి ఖజానాది. దానిని పాత ఋణములకు మరలించుట ఏ కాలమునందైనను తప్పే. కొల్బేర్ కోపించెను. పెరో పదవిని అమ్ముకొనవలసి వచ్చెను, దివాలా తీసెను. షార్ల్ యజమానిని ఎంత బ్రతిమాలినను ఫలము లేకపోయెను. న్యాయమెవరిది? లెక్క ప్రకారము కొల్బేర్‌ది. అయినను అప్పు తెచ్చి ఖజానా నింపుమని సంవత్సరముల తరబడి పురికొల్పిన ప్రభుత్వమే, ఆ అప్పునకు ఆధారమైన బకాయీని రద్దు చేసి, వసూలుదారునికి ఏ దారియు చూపకుండుటలో కాఠిన్యము లేదనలేము. ఏబది యేండ్లు దాటిన వయస్సున పెరో పనిలేనివాడై, గతమున రాజకీయ ధనము నడిపిన చేతులతో ఊరక కూర్చుండవలసినవాడయ్యెను.

ఆ ఊరక కూర్చున్న కాలముననే అతని మనస్సు నీటిమీదికి బోయెను. 1666లో ప్యారిసున రాజాశ్రయముతో విజ్ఞాన పరిషత్తు స్థాపితమయ్యెను. తమ్ముడు క్లోద్ అందు సభ్యుడు. శనిగ్రహము చుట్టు వలయ మున్నదని నిర్ణయించినవాడును, లోలకపు గడియారమును కల్పించినవాడును నగు డచ్చి పండితుడు హైగన్స్ గూడ అందు సభ్యుడై ప్యారిసుననే యుండెను. పియేర్ ఆ పరిషత్తులో సభ్యుడు గాడు. అయినను ఊటల పుట్టుక గూర్చిన చర్చ అతని నాకర్షించెను.

ఆ చర్చ చాల ప్రాచీనము. భూమి లోపలి చల్లని గుహలలో గాలియే ఘనీభవించి నీరై ఊటలుగా వెలువడునని అరిస్టాటిల్ తలచెను. నదులు యేడాదిపాటు పోయు నీటిని ఒక పాత్రలో నింపినచో ఆ పాత్ర భూగోళమంత యుండవలెననియో, కొంచెమే తగ్గుననియో ఆయన అభిప్రాయము. అంత నీరు వానవలన సమకూడుట అసాధ్యమని దాని తాత్పర్యము. సముద్రజలము భూమి క్రింది సొరంగములగుండ పర్వతముల కడుపులోని కెక్కి, ఉప్పు విడిచి, ఊటలై దిగునని మరికొందరు వ్రాసిరి; 1665లో కిర్షర్ అను జెసూయిట్ పండితుడు అట్టి సొరంగముల చిత్రములనే అచ్చు వేసెను. నీరు పల్లమునకు గాక మిట్టకు ఏల పోవునని పామరుడడుగు ప్రశ్నకు పండితులు నానా సమాధానములు చెప్పిరి. రోమక పండితుడు సెనెకా, ద్రాక్షతోటలు త్రవ్వించిన అనుభవముతో, ఎంత వానయైనను పదియడుగుల లోతునకు మించి నేలను తడుపదని సాక్ష్యమిచ్చెను. వాన పక్షము వహించినవారును లేకపోలేదు. వారిలో ముఖ్యుడు బెర్నార్ పలిసీ. అతడు కుమ్మరి. లాటిను రాదు. మట్టిని, రాతిని, బావులను కంటజూచి, ఊటలకు వాననీరే మూలమని 1580లో ఫ్రెంచి భాషలో గ్రంథము ప్రకటించెను. కుమ్మరి మాటను పెద్దలు వినిపించుకొనలేదు. పలిసీ కడపట మతకారణమున కారాగారముననే మరణించెను.

పెరో ఈ వాదములనన్నిటిని చదివెను. ప్లేటో మొదలు తన కాలపు దేకార్త్, గస్సెండీ వరకు ఒక్కొక్కరి మతమును విడివిడిగా పేర్కొని, పలిసీని గూడ విడువక, దాని ప్రక్కన తన ఆక్షేపణమును వ్రాసెను. అతడు వ్రాసిన గ్రంథము పేరు ఊటల పుట్టుకను గూర్చి అను అర్థము గలది. 1674లో ప్యారిసున ముద్రితమయ్యెను. హైగన్స్‌కు అంకితము. గ్రంథకర్త పేరు మాత్రము అందు లేదు. దివాలా తీసిన మనుష్యుని పేరు పుస్తకమునకు అలంకారము గాదని తలచెనేమో.

ఆ గ్రంథమున పూర్వమతముల విమర్శ యంత యుండినను, లోకము నేటికిని స్మరించునది కొలదిపుటలలోని ఒక లెక్కను మాత్రమే. దానిని కొంచెము వివరముగా చూడవలసియున్నది.

పెరో మొదట నదిని ఎన్నుకొనుటలో తెలివి చూపెను. ప్యారిసు వద్ద సేన్ పెద్దనది. ఎన్నియో ఉపనదులు కలిసిన పిమ్మటి నది. దాని నీటిలో ఏది యెచ్చటిదో విడదీయుట కష్టము. అందుచేత అతడు సేన్ పుట్టుకకే పోయెను. బుర్గుండీ సీమలోని కొండలలో అది చిన్న ఊటగా బయలుదేరును. అచ్చటినుండి ఎన్యే-ల-ద్యూక్ అను ఊరివరకు గల భాగమును మాత్రము గైకొనెను. ఇంతలో మరియొక నది వచ్చి కలియదు. రెండు ప్రక్కల నేల వాలుననుసరించి ఎంతమేర కురిసిన వాన ఈ యేటిలోనికి దిగునో, అంతమేరకు హద్దు వేసెను. పొడవు 3 లీగులు, వెడల్పు 2 లీగులు. నేటి కొలతలో దాదాపు 120 చదరపు కిలోమీటరులు. ఒక చెరువునకు ఆయకట్టును గాక, ఆ చెరువునకు నీరు దింపు పైభూమిని కొలిచినట్లు. నేడు శాస్త్రజ్ఞులు పరీవాహక ప్రదేశ మనునది ఇదియే.

పిదప జమ. పెరో మూడు సంవత్సరముల వానను పాత్రలో పట్టి కొలిచిన లెక్కను గైకొనెను. సగటు ఏడాదికి 19 అంగుళముల 2 గీతలు, ఇంకను గీతలో మూడవ వంతు. అంగుళమునకు 12 గీతలు. నేటి కొలతలో సుమారు 520 మిల్లీమీటరులు. ఒక్క సంవత్సరముతో తృప్తి పడక మూడింటి సగటు తీయుటయందే లెక్కలవాని బుద్ధి కనబడుచున్నది. ఒక యేటి జమాబందీ చూచి ఊరి ఆదాయమును నిర్ణయించువాడు లోకమున మోసపోవును. వానను పాత్రలో పట్టి కొలుచుట ఫ్రాన్సున క్రొత్తగాని మన దేశమున ప్రాచీనమే. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారము ముందు వానకొలత పాత్ర నుంచవలెనని విధియున్నది. గోదావరి తీరమందలి అశ్మక దేశమునకు ఇన్ని ద్రోణముల వాన యని అందు ప్రత్యేకముగ చెప్పబడెను. కాని ఆ కొలత వ్యవసాయమునకై ఏర్పడినది. దానిని ఒక నది ప్రవాహముతో సరిచూచిన లెక్క అందు గానరాదు.

ఆ వానను ఆ నేలపై పరచి గుణింపగా పెరోకు వచ్చిన మొత్తము 22,48,99,942 మ్యుయీలు. మ్యుయీ యనగా పీపా కొలత, దాదాపు 270 లీటరులు. చివరి రెండు మ్యుయీలను గూడ విడువక వ్రాసిన ఈ సంఖ్యను జూచి నవ్వువారు నవ్వవచ్చును. నేల హద్దులే ఉజ్జాయింపు గదా! కాని కచ్చేరి అలవాటు పోదు.

తరువాత ఖర్చు, అనగా నదిలో పారిపోవు నీరు. ఎన్యే-ల-ద్యూక్ వద్ద నదిని కొలుచు సాధనములు అతనికి లేవు. వెర్సాయ్ సమీపమున పారు గొబ్లెన్ అను చిన్నవాగు ప్రవాహము అప్పటికి కొలిచియుండిరి. అది 50 అంగుళముల నీరు. అంగుళము వెడల్పుగల గుండ్రని రంధ్రమునుండి కారు ధారకు ఒక అంగుళపు నీరని పేరు. రాజు ఉద్యానములందలి జలయంత్రములకు నీరు పంచువారు వాడుకొను కొలత యిది. ఆ వాగుతో సరిపోల్చి సేన్ మొదటి భాగమున 1,000 నుండి 1,200 అంగుళముల నీరు పారునని అంచనా కట్టెను. అందు పెద్ద అంకెనే గైకొనెను. గమనింపవలెను: చిన్న అంకె గైకొనినచో అతని వాదమునకు మరింత బలము. అట్లు చేయక ప్రతిపక్షమునకు అనుకూలమైన అంకెతోనే లెక్క సాగించెను. ఒక అంగుళపు ధార దినమునకు 83 మ్యుయీలు. 1,200 ధారలకు దినమునకు 99,600. ఏడాదికి 366 దినములు వేసి గుణింపగా 3,64,53,600 మ్యుయీలు.

జమలో ఖర్చు తీసివేయగా 18,84,46,342 మ్యుయీలు మిగిలెను. నదికి కావలసినది వానలో ఆరవ వంతు మాత్రమే! వాన చాలదని రెండువేల యేండ్లు వాదించిరి. చాలుట మాత్రమే కాదు, చాలి అయిదింతలు మిగిలెను. భూగోళమంత పాత్ర యన్న అరిస్టాటిల్ మాటకు పీపాల లెక్కతో బదులు వచ్చెను. మిగిలిన అయిదు వంతులు ఏమయ్యెనను ప్రశ్నకు పెరో సమాధానము తెలివైనది. చెట్లు చేమలు త్రాగును; కొంత ఆవిరియగును; కొంత ఇతర మార్గములఁ బోవును. ఇంత మిగులున్నది గనుక వీనికన్నిటికిని చాలును. ఒక చిన్న నదికి వాన ఇట్లు చాలినపుడు, అదే రీతిగా తక్కిన నదులకును చాలునని అతడు నిశ్చయించెను.

ఆవిరిని గూడ అతడు ఊహకు వదలలేదు. 1669వ సంవత్సరాంతమున వచ్చిన చలికాలమున ఏడు పౌనుల మంచుగడ్డను ఆరుబయట నుంచి, 18 దినములకు దాదాపు ఒక పౌను తగ్గుటను తూచి చూచెను. ఎండ లేకున్నను, గడ్డ కరగకున్నను నీరు గాలిలో కలియుచుండునని ఇందువలన తేలినది. గొట్టములో ఇసుక నింపి అడుగున నీరు పోసి, నీరు పైకెంత దూరము ప్రాకునో పరీక్షించెను. నీరు కొంత ఎత్తువరకే యెక్కెను. ఎక్కిన నీరు పైనుండి ధారగా కారలేదు. ఇసుక పీల్చుకొనుటచే సముద్రజలము పర్వతాగ్రముల కెక్కి ఊటలగునను వాదమునకు ఈ గొట్టము చాలు దెబ్బ కొట్టెను.

అయినను ఇతడు పొరపడినచోటును దాచనవసరము లేదు. వాననీరు నేలలోనికి లోతుగ ఇంకి, గట్టి పొరమీద నిలిచి, మెల్లగా ఊటలై వెలువడునని కొందరు చెప్పుచుండిరి. పెరో దీనిని అంగీకరింపలేదు. సెనెకా వలెనే ఇతడును వాన నేలను పైపైననే తడుపునని నమ్మెను. వాన నేలమీదుగ నదులలో చేరును. నదుల నీరు ఒడ్డులలోనికి వ్యాపించి, లోపల ఆవిరియై కొండల కెక్కి, చల్లబడి ఊటలగును. కావున ఊటలవలన నదులు గాక, నదులవలననే ఊటలు పుట్టునని అతని సిద్ధాంతము. లెక్క నిజమైనది, ఆ లెక్కకు వ్రాసిన వ్యాఖ్య తప్పినది.

ఇందులో విచిత్ర మొకటి యున్నది. భూమి తన పుస్తకములో నిలువ ఉంచుకొనును. ఈ యేటి వానలో కొంత భూమిలోపల నిలిచి రాబోవు వేసవికి, ఒక్కొక్కపుడు రాబోవు సంవత్సరమునకు బదిలీ యగును. చినుకులేని నెలలలో నది పారునది ఈ పాత నిలువ మీదనే. అనగా గతవత్సరపు జమనుండి ఈ వత్సరపు ఖర్చు. పెరో తన కచ్చేరిలో ఇట్టి బదిలీ వ్యవహారము చేసియే చెడిపోయెను. ఆ బదిలీ భూమి ప్రతివత్సరము చేయుచున్నదని మాత్రము గ్రహింపలేకపోయెను.

ఆ భాగమును పూరించినవాడు అతని సమకాలికుడు, విజ్ఞాన పరిషత్తు సభ్యుడు ఎద్మ్ మారియొత్. ప్యారిసు వేధశాల నేలమాళిగలోనికి ఊరు నీరు, వానలు హెచ్చినపుడు హెచ్చుటను, తగ్గినపుడు తగ్గుటను ఇతడు గమనించి, వాన ఇంకుట నిజమని నిలబెట్టెను. ప్యారిసు వంతెన వద్ద సేన్‌పై తేలుడు బంతి వదలి వేగము కొలిచి, పెద్దనదికి గూడ లెక్క వేసి, పారునది వానలో ఆరవ వంతున కంటె తక్కువయే యని తేల్చెను. అతని గ్రంథము మరణానంతరము 1686లో వెలువడెను. మరుసటి యేడు ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు హాలీ, ఒక పళ్లెములోని ఉప్పునీరు ఆవిరియగుటను తూచి, మధ్యధరా సముద్రమునుండి దినమునకు 528 కోట్ల టన్నుల నీరు పైకి పోవునని అంచనా వేసెను. అందు బడు తొమ్మిది పెద్దనదులు తెచ్చునది 182 కోట్ల 70 లక్షల టన్నులని లెక్క గట్టెను. అచ్చటితో చక్రము పూర్తి యయ్యెను: నది తెచ్చినది సముద్రము, సముద్రము ఇచ్చినది మేఘము.

పరమాణు సిద్ధాంతముచే ప్రసిద్ధుడైన జాన్ డాల్టన్ 1799లో ఇంగ్లండు, వేల్సు దేశములకు మొత్తముగా ఇదే జమాఖర్చు వ్రాసెను. మట్టి నింపిన పాత్ర నొకదానిని నేలలో పాతి, అందు కురిసినదెంత, అడుగున కారినదెంత యని మూడేండ్లు చూచెను. 20వ శతాబ్దిలో ఈ విద్య మరింత పెరిగెను. ఫ్రాన్సున త్యుర్క్ అను శాస్త్రజ్ఞుడు 254 నదీ ప్రదేశముల లెక్కలను సమకూర్చి 1954లో ఒక సూత్రము ప్రకటించెను. రష్యాలో బుడికో ఇదే దారిని నడచెను. వారి మాటలోని సారము కష్టమైనది గాదు. ఒక్క సంవత్సరము చూచినచో భూమిలోని మొదటి నిలువ, కడపటి నిలువ లెక్కకు అడ్డు వచ్చును. అనేక సంవత్సరముల సగటు గైకొనినచో ఆ నిలువల తేడా స్వల్పమై, వచ్చిన వాన రెండే పద్దులుగ విడిపోవును: నదిలో పారినది, ఆవిరియైనది. ఆవిరి పద్దునకు రెండు హద్దు లున్నవి. కురిసిన దానికన్న ఎక్కువ ఆవిరి కాలేదు. సూర్యుని వేడి ఎంత నీటిని లేపగలదో అంతకన్న ఎక్కువయు కాలేదు. ఎండ హెచ్చు, వాన తక్కువయగు సీమలో వానలో అధికభాగము ఆకాశమునకే తిరిగిపోవును, నదికి మిగులునది కొంచెము. చల్లని తడిసీమలో నది వాటా హెచ్చు. క్రొత్తగా ఆనకట్ట తలపెట్టువారు మొదట అడుగవలసిన లెక్క యిది. కాలువ పొడవు తరువాతి మాట.

పెరో ఆరవ వంతు నేటి పరీక్షకు నిలుచునా? అంకెగా నిలువదు. వాన కొలిచినచోటొకటి, నది కొలిచినచోటొకటి. బుర్గుండీ కొండలలో ప్యారిసుకన్న వాన అధికము. ప్రవాహమును కొలువక పోల్చి చెప్పెను. ఇట్టి లోపములున్నను, అతడడిగిన ప్రశ్నయు, దానికి జవాబు చెప్పిన పద్ధతియు నేటికిని మారలేదు: హద్దు వేయుట, జమ వ్రాయుట, ఖర్చు వ్రాయుట, శేషమునకు సమాధానము చెప్పుట. 1974లో యునెస్కో మొదలగు అంతర్జాతీయ సంస్థలు జలశాస్త్రమునకు మూడు శతాబ్దులు నిండెనని ప్యారిసున ఉత్సవము జరిపినపుడు, వారు లెక్క ప్రారంభించినది ఈ పేరులేని పుస్తకము వెలువడిన యేటినుండియే.

పుస్తకము వెలువడిన తరువాత పెరో ఆరేండ్లు జీవించెను. ఇటాలియను కవి తస్సోనీ వ్రాసిన హాస్యకావ్యమును 1678లో ఫ్రెంచిలోనికి అనువదించెను. అపహరింపబడిన ఒక బొక్కెన కొరకు రెండు పట్టణములు యుద్ధము చేయుట ఆ కావ్యకథ. నీటి బొక్కెన యగుట యాదృచ్ఛికమే కావచ్చును. పోయిన ఉద్యోగము మరల రాలేదు. 1680లో అతడు కాలధర్మము నొందెను. కొల్బేర్ 1683లో గతించెను.

షార్ల్ కొల్బేర్ కొలువున ఉన్నంతకాలము ఉండి, వార్ధక్యమున తన జీవిత వృత్తాంతమును వ్రాసికొనెను. రాజభవనములు, విద్వత్సభలు, రాజుగారి దర్శనములు అన్నియు అందు గలవు. వాని నడుమ 1664 నాటి మాఫీయు, అన్నగారి అప్పులును, యజమాని యెదుట తాను పడిన యాతనయు వివరముగ వ్రాయబడియున్నవి. షార్ల్ 1703లో మరణించెను. ఆ పుస్తకము 1759లో గాని అచ్చు కాలేదు.